వంటశాలలోని సన్న్యాసి

నేటి ఫ్రాన్సు దేశపు తూర్పుభాగమున లోరైన్ అను సీమ కలదు. అచ్చటి ఒక పల్లెలో 1614 ప్రాంతమున నికొలాస్ హెర్మన్ జన్మించెను. అతనికి చదువు అంతగా అబ్బలేదు. పదునెనిమిదవ యేట, శీతకాలమున, ఆకులన్నియు రాలి మోడై నిలిచిన చెట్టొకటి అతని కంటబడెను. కొలది కాలములో ఆ మోడే చిగిర్చి, పూచి, కాచునుగదా యని తలపోయగా అతని మనసున దైవభక్తి నాటుకొనెను.

అది ముప్పదియేండ్ల యుద్ధము ఐరోపాను దహించుచున్న కాలము. హెర్మన్ సైనికుడయ్యెను. ఒకమారు జర్మను సైనికులు అతనిని గూఢచారియని పట్టుకొని, ఉరితీయుదుమని బెదిరించిరి. అతని నిబ్బరమును చూచి విడిచిపెట్టిరి. 1635లో స్వీడను సేనలతో జరిగిన పోరాటమున గాయపడి, కుంటివాడై ఇల్లు చేరెను. పిమ్మట ఒక ధనికుని కొలువున సేవకుడుగా కుదిరెను గాని, అతడు ముట్టిన వస్తువెల్ల పగులుచుండెను!

1640లో అతడు పారిసు నగరమందలి కార్మెల్ సభవారి మఠమున చేరి, లారెన్సు అను పేరు ధరించెను. అతడు పూజలు జరుపు గురువు కాడు. ఒడలు వంచి పనిచేయు సోదరుడు మాత్రమే. పెద్దలు అతనికి వంటపని నొప్పగించిరి. అతనికి స్వభావసిద్ధముగా వంటపని యన్న రోత.

ఇష్టము లేని పని పైనబడినపుడు మనలో పెక్కుమంది గొణుగుకొనుచు దానిని ఎట్లో ముగింతుము. లారెన్సు అట్లు చేయలేదు. పని ప్రారంభించుటకు ముందు దేవుని సాయము వేడుకొనును. చేయునంతసేపు ఆయనతో మనసులోనే మాటలాడుచుండును. ముగిసిన పిదప ఎట్లు చేసితినని తన్ను తాను పరీక్షించుకొనును. బాగుగా జరిగిన దేవునికి కృతజ్ఞత తెలుపును. లోపమున్నచో ఒప్పుకొని, దానినే తలచి కుమిలిపోక, మరల పనిలో దిగును. పెనముమీది అట్టును తిరుగవేయుటయు, నేలమీది గడ్డిపరకను తీయుటయు అతనికి దైవసేవయే. ఇట్లు సుమారు పదునైదేండ్లు గడచెను.

ఈ శాంతి అతనికి ఉచితముగా లభించినది కాదు. మఠమున చేరిన తొలి పదియేండ్లు అతని మనసు నరకయాతన పడెను. తన పాపములు తలపునకు వచ్చి, తనకు మోక్షము లేదని తోచెడిది. తుదకు ఫలితము ఎట్లున్నను సరే, బ్రతికినంతకాలము దేవుని ప్రేమించియే తీరుదునని అతడు నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయముతోనే కలత తీరినది.

ఒకమారు మఠమునకు ద్రాక్షారసము కొనుటకై అతనిని బర్గండీ సీమకు పంపిరి. బేరసారములు అతనికి చేతకావు, కాలు కుంటిది. పడవలో నడువలేక పీపాలమీద దొర్లుచు కదలవలసి వచ్చెను. అయినను విసుగుకొనక పని నెరవేర్చుకొని వచ్చెను.

కాలినొప్పి ముదిరి నిలువలేకపోగా, పెద్దలు అతనికి చెప్పులు బాగుచేయు పని యిచ్చిరి. అతనిని చూచుటకు పలువురు వచ్చుచుండిరి. తరువాత ఆర్చిబిషప్పయిన ఫెనెలాన్ అను పండితుడు రోగశయ్యపైనున్న లారెన్సును దర్శించి, ఆ స్థితిలోను అతడు ఉల్లాసముగా నుండుట చూచి ఆశ్చర్యపడెను. 1691 ఫిబ్రవరి 12వ తేదీన లారెన్సు కన్నుమూసెను. అతని ఉత్తరములను బొఫోర్ అను గురువు సేకరించి మరుసటి యేట అచ్చువేయించెను. అవి పదునారు మాత్రమే.