డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఆంధ్రదేశమున జన్మించి, సముద్రములు దాటి, లోకమునకంతకును ఉపకారము చేసిన శాస్త్రజ్ఞులలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. అయినను వారి పేరెరిగినవారు మనలో కొలదిమందియే. వారి ప్రయోగశాలలో పుట్టిన ఔషధములలో ఒకటి మాత్రము నేడు దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరు వరకు గల మందుల దుకాణములలో దొరకుచున్నది. కీళ్లవాతముతో బాధపడు పెద్దలును, సోరియాసిస్ అను చర్మవ్యాధి గలవారును దానిని వాడుచున్నారు. ఆ చిన్న మాత్ర పేరు మెథోట్రెక్సేట్. దానికి మూలపురుషుడైన మహనీయుని చరిత్రమును, ఆ మాత్రను మిక్కిలి జాగ్రత్తతో సేవింపవలసిన కారణమును మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుటయే మా ఉద్దేశము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాధముగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. సంసారము పెద్దది, రాబడి స్వల్పము. అనారోగ్యముచే తండ్రిగారు ఉద్యోగమును ముందుగానే విడువవలసి వచ్చెను. బాల్యమున సుబ్బారావుగారికి చదువుమీద మనస్సు నిలువలేదు. పదుమూడవ యేట, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని తలచి, ఇల్లు విడిచి బయలుదేరిరి. పెద్దలు వెదకి వెనుకకు దెచ్చిరి. తండ్రి గతించిన పిమ్మట తల్లి తన నగలమ్మి కుమారుని చదువు నిలిపెను. రాజమహేంద్రవరమున కొంత చదివి, తుదకు మదరాసు హిందూ హైస్కూలునుండి మూడవ ప్రయత్నమున వారు మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులైరి. పరీక్ష తప్పినవారు పనికిరానివారని తలచు తలిదండ్రులు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగిసిన పిమ్మట వారికి రామకృష్ణ మఠమున జేరి సేవ చేయవలెనను కోరిక కలిగెను. వైద్యము నేర్చిన సేవ మరింత సఫలమగునని తెలిసి, మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. 1919లో శేషగిరి అను కన్యతో వివాహమయ్యెను. మామగారు చదువునకు సాయపడిరి. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వినవచ్చుచున్న దినములు. సుబ్బారావుగారు ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స శాలకు పోవుటచే ఆంగ్లేయుడగు ఆచార్యునికి ఆగ్రహము వచ్చెను. పరీక్షలలో సమర్థత చూపినను వారికి ఎం.బి.బి.యస్. పట్టము దక్కలేదు, అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

ఈ అవమానముకంటె మిన్నయగు దుఃఖమొకటి వారి జీవితమార్గమును నిర్ణయించెను. వారి సోదరులిరువురు గ్రహణి వ్యాధిచే కొలది దినముల వ్యవధిలో మరణించిరి. స్ప్రూ అని వైద్యులు పిలుచు ఈ వ్యాధిలో తిన్న అన్నము వంటబట్టదు, రక్తము క్షీణించును, నోరు పూయును. ఆ రోగమే సుబ్బారావుగారికిని సోకెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే వారు బ్రతికి బయటపడిరి. పిమ్మట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించుచు, ఆ రోగమునకు మందు కనుగొనవలెనని కృతనిశ్చయులైరి.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారి సహాయమునకు మామగారి తోడ్పాటు చేరగా, సుబ్బారావుగారు భార్యను పుట్టినింట విడిచి 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. మూడేండ్లలో తిరిగి వచ్చెదమని ఆమెకు మాట యిచ్చిరి. ఆ మాట చెల్లలేదు. వారు దూరదేశమున నుండగా జన్మించిన కుమారుడు పసితనముననే గతించెను. ఇరువది యైదేండ్లకు పైగా పరదేశమున నుండియు వారు మరల స్వదేశము చూడలేదు. గొప్పవారి కీర్తికి వెలను ఒక్కొక్కప్పుడు ఇంటిలోని వారు చెల్లింతురని ఇందువలన తెలియుచున్నది.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యశాస్త్రము చదువుచున్న కాలమున గ్రాసమునకై వారు ఒక వైద్యశాలలో రాత్రివేళ సేవకుడుగా రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచిరి. పిదప జీవరసాయనశాస్త్ర విభాగమున సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో గూడి పరిశోధన సాగించిరి. రక్తమునందును, మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వారిరువురు ప్రకటించిరి. నేటికిని ఆ పద్ధతికి ఫిస్కె-సుబ్బారావు పద్ధతియనియే పేరు. కండరములు పనిచేయుటకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను వారు వెల్లడించిరి. 1930లో డాక్టరేటు వచ్చెను. అయినను హార్వర్డువారు వారికి స్థిరమైన ఆచార్యపదవి నొసగలేదు. 1940లో వారు న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరు పట్టణమున లెడర్లె అను మందుల సంస్థలో జేరి, త్వరలోనే పరిశోధనలకు అధిపతులైరి.

అచ్చట వారు చేసిన పనులలో మన కథకు ముఖ్యమైనది ఫోలిక్ ఆమ్ల పరిశోధన. దీని మూలము కూడ మన దేశముననే కలదు. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1930 ప్రాంతమున బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు కలుగు రక్తక్షీణతను పరీక్షించి, ఈస్టు సారముచే అది కుదురుచున్నదని కనుగొనెను. ఆ సారములో నున్న గుణదాయక పదార్థమే ఫోలిక్ ఆమ్లము. ఆకుకూరలలోను, కార్జములోను అది యున్నను మిక్కిలి స్వల్పము. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లె శాస్త్రజ్ఞులు దాని నిర్మాణమును తేల్చి, 1945లో ప్రయోగశాలయందే దానిని తయారుచేసిరి. గ్రహణివలన కలుగు రక్తక్షీణతకు ఆ మందు మిక్కిలి గుణమిచ్చెను. సోదరులను బలిగొన్న రోగముపై పట్టిన పంతము ఈ రీతిని నెరవేరెను.

అంతట మరియొక ప్రశ్న పుట్టెను. బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు గల పిల్లలకు చికిత్స చేయుచుండెను. ఫోలిక్ ఆమ్లము వంటివి యిచ్చినప్పుడు ఆ రోగము మరింత విజృంభించినట్లు వారికి తోచెను. శరీరకణములు వృద్ధియగుటకు ఆ ఆమ్లము అవసరము గదా! అట్లయిన దానిని అడ్డగించు పదార్థము రోగమును అణచవలెను. తాళము నొక ఉదాహరణముగా గైకొందము. సరియైన చెవివలెనే కనబడు మారుచెవి తాళములో దూరి, తిరుగక అచ్చటనే చిక్కుకొన్నచో అసలు చెవికి చోటుండదు. అట్లే ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒక మూల నుండు చిన్న భాగమును తొలగించి మరియొక దానిని చేర్చగా అమినోప్టెరిన్ అను మారుచెవి సిద్ధమయ్యెను. సుబ్బారావుగారి సంస్థ పంపిన ఈ మందును ఫార్బరుగారు 16 మంది పిల్లలకు ఇచ్చిరి. వారిలో 10 మందికి రోగము కొంతకాలము తగ్గెనని 1948 జూనులో ప్రకటించిరి. శాశ్వతముగా కుదరకపోయినను, అంతవరకు మందేలేని రోగమునకు ఇదియే తొలి ఆశాకిరణము.

కాని అమినోప్టెరిన్ మిక్కిలి తీక్ష్ణము. రోగకణములతోబాటు మంచి కణములను గూడ అది బాధించెను. అణువులో ఒక్క మిథైల్ గుంపును మాత్రము అదనముగా చేర్చి లెడర్లెవారు దాని తోబుట్టువును తయారుచేసిరి. ఒక కర్బన పరమాణువు, మూడు హైడ్రోజన్ పరమాణువులు — అంతియే భేదము! ఈ క్రొత్త మందు మారుచెవివలెనే పనిచేయుచు, సులభముగా అదుపునకు లోబడుటచే పాతదాని స్థానమును ఆక్రమించెను. అదియే మెథోట్రెక్సేట్.

సుబ్బారావుగారు దీని యశస్సును చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, నిద్రలోనే హృద్రోగముచే గతించిరి. 1951లో గుబ్నరు అను వైద్యుడు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతము, సోరియాసిస్ గలవారికి ఇచ్చి ఉపశమనము గాంచెను. ఈ వ్యాధులలో శత్రువులనుండి మనలను కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థయే త్రోవ తప్పి స్వంత శరీరముపై బడును. ఇంటి కావలివాడే ఇంటివారిని కొట్టినట్లగును. ఆ కావలివానిని చంపరాదు, శాంతింపజేయవలెను. క్యాన్సరునకు పెద్ద మోతాదున ఇచ్చు మెథోట్రెక్సేట్‌ను వారమున కొకమారు స్వల్పముగా ఇచ్చినచో ఈ కార్యము నెరవేరునని క్రమముగా తెలిసెను. అమెరికా ప్రభుత్వ శాఖవారు కీళ్లవాతమునకు దీనిని 1988లో అనుమతించిరి. ఫోలిక్ ఆమ్లపు మాత్రను గూడ వైద్యుడు చెప్పిన దినమున ఇచ్చినచో నోటిపూత, వాంతివంటి బాధలు తగ్గును. సుబ్బారావుగారి ప్రయోగశాల తయారుచేసిన మందునకు వారి ప్రయోగశాల తయారుచేసిన విటమినే రక్షకమైనదన్నమాట.

ఇచ్చట తలిదండ్రులకొక మనవి. ఈ మాత్రను కీళ్లవాతమునకు, సోరియాసిస్‌కు వారమున ఒక్క దినమే వాడుదురు. దినదినమును మ్రింగినచో ఎముకలలోని మూలుగు చెడి, రక్తము క్షీణించి, ప్రాణమునకే ముప్పు వచ్చును. ఇట్టి పొరపాటుచే మరణించినవారు పలుదేశములలో కలరు. మన వీధులలో పెక్కిండ్ల అవ్వలు, తాతలు మందుచీటీలోని ఆంగ్లాక్షరములను చదువజాలరు. చదువు నేర్చిన మనుమలును, మనుమరాండ్రును వారికి కన్నులు కావలెను. ఏ వారమున, ఎన్ని మాత్రలు అని వైద్యుని స్పష్టముగా అడిగి, తెలుగున వ్రాసి గోడకు అంటింపుడు. వైద్యుడు చెప్పిన రక్తపరీక్షలు మానరాదు. గర్భిణులు ఈ మందు ముట్టరాదు. పొరపాటున దినదినము వాడినట్లు తెలిసినచో ఆలస్యము చేయక వైద్యశాలకు పోవలెను; విరుగుడు కలదు.

సుబ్బారావుగారి పర్యవేక్షణముననే బోదకాలునకు హెట్రజాన్ అను మందును, ఆరియోమైసిన్ అను క్రిమిసంహారక ఔషధమును వెలువడెను. ఆ మహాశయుని శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వమువారు తపాలాబిళ్లను విడుదల చేసిరి. బ్రతికియున్నప్పుడు వారు కీర్తిని వెదకలేదు. సహచరుల పేర్లను ముందుంచి తాము వెనుక నిలిచిరి.

విద్యార్థులారా! విషమునకును, ఔషధమునకును నడుమ నున్నది ఒక్కొక్కప్పుడు నాలుగు పరమాణువులు, ఒక్కొక్కప్పుడు వారములో ఆరు దినములు. ఆ కొలతను కనుగొనుటకు ఒక మహనీయుడు తన జీవితమును ధారవోసెను. దానిని తప్పక పాటించుటయే మనము వారికి చెల్లింపగల ఋణము. మీలో రసాయనశాస్త్రమున అభిరుచి గలవారు ఇంకను నిరపాయమైన మందులు కనుగొని ఆ ఋణమును వడ్డీతో తీర్తురుగాక!