ఎక్స్‌ని పరిచయం చేసిన డెకార్ట్

పదో తరగతి దాకా నాకు బీజగణితమంటే హడలు. ఎక్స్ ఎవరో, వై ఎవరో బుర్రకెక్కేది కాదు. డిగ్రీలో చేరాక కంప్యూటరు మీద చిన్న వీడియో గేమ్ రాయబోయాను. తెర మీద పిల్లి నడవాలంటే అడుగడుగుకీ దాని ఎక్స్‌కి అయిదు కలపాలి. ఎగరాలంటే వై మార్చాలి. ఆ పూటతో నా భయం వదిలింది. ఈ ఉపాయానికి మూలపురుషుడెవరా అని ఆరా తీస్తే రెనె డెకార్ట్ ఎదురయ్యాడు.

ఆయన 1596 మార్చి 31న ఫ్రాన్సులోని లా హేలో జన్మించాడు. ఏడాది దాటగానే తల్లి పోయింది. లా ఫ్లేష్ బడిలో గురువులు, పిల్లవాడు బలహీనుడని, ఉదయం ఆలస్యంగా లేవనిచ్చారు. పక్కమీదే ఆలోచించుకునే ఆ అలవాటు చివరిదాకా ఉండిపోయింది. 1616లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నాడు గాని వకీలు కాలేదు. 1618లో హాలండు వెళ్లి సైన్యంలో చేరాడు. అక్కడ బేక్‌మన్ అనే పండితుడి స్నేహం ఆయన్ని గణితం వైపు తిప్పింది.

1637లో లైడెన్ నగరంలో, తన పేరు వేసుకోకుండా, ఒక గ్రంథం అచ్చువేయించాడు. అదీ పండితుల లాటిన్‌లో కాదు, ఫ్రెంచిలో. దానికి చేర్చిన జ్యామితి భాగంలో వక్రరేఖను సమీకరణంగా రాయవచ్చని చూపాడు. తెలియని రాశులకు అక్షరమాల చివరి అక్షరాలు వాడే ఒరవడి ఆయనదే. రెండు అక్షాల పటాన్ని నేటి రూపానికి తెచ్చింది మాత్రం తర్వాతివారు.

నన్ను కట్టిపడేసిన సంగతి వేరే ఉంది. కనిపెట్టే ఆనందం పాఠకులకూ దక్కాలని ఆ పుస్తకంలో కొన్ని విషయాలు కావాలనే వదిలేశాడు!

నిరుడు హైస్కూలు పిల్లలకు ఆదివారాలు గేమ్ నేర్పాను. మొదట ప్రోగ్రామంతా నేనే రాసిచ్చాను. చక్కగా ఎక్కించుకున్నారు, ఒక్కరికీ ఏమీ రాలేదు. తరువాత పిల్లి బంతికి తగిలిందో లేదో తేల్చే పంక్తిని ఖాళీగా ఉంచాను. రెండు వారాలు కుస్తీపట్టి, లెక్కలంటే ఏడ్చే ఒక అమ్మాయి అక్కడ పిథాగరస్ సూత్రం పెట్టింది. ఆ రోజు పాఠం నేర్చుకున్నది నేనే.

1649లో స్వీడన్ రాణి క్రిస్టీనా ఆహ్వానంపై డెకార్ట్ స్టాక్‌హోమ్ వెళ్లాడు. గడ్డకట్టే చలిలో తెల్లవారుజామున అయిదింటికి పాఠం చెప్పాల్సి వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బుచేసి 1650 ఫిబ్రవరి 11న కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

లెక్చరర్లకూ, తోటి విద్యార్థులకూ నా మనవి ఒక్కటే. పాఠం చెప్పేటప్పుడు ఒక పంక్తి ఖాళీగా వదలండి. దాన్ని పూరించే చెయ్యి ఎక్కడో వెనకబెంచీలో ఉంటుంది.