వేణువు పట్టిన రాక్ బృందానికి దీర్ఘాయురస్తు

1968 ఫిబ్రవరి 2న లండన్‌లోని మార్క్వీ క్లబ్బులో ‘జెత్రో టల్’ పేరుతో కచేరీ చేసిన కుర్రాళ్ల బృందం ఇవాళ షష్టిపూర్తి ముంగిట నిలిచింది. తనతో పాటు పుట్టిన బృందాలెన్నో చెదిరిపోయి జ్ఞాపకాలుగా మిగిలిన లోకంలో ఇది కొత్త పాటలు కట్టుకుంటూ, ఊరూరా కచేరీలు చేసుకుంటూ నడుస్తూనే ఉంది. బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్‌ను ప్రాణంగా చూసుకునే తెలుగు శ్రోతలందరి తరఫున ఈ బృందానికి, దాన్ని ఇన్నేళ్లు భుజాన మోసిన ఇయాన్ ఆండర్సన్ గారికి మనసారా జన్మదిన శుభాకాంక్షలు.

పేరులోనే వ్యవసాయం ఉన్న బృందమిది. జెత్రో టల్ 18వ శతాబ్దపు ఇంగ్లిషు వ్యవసాయవేత్త. గుర్రంతో లాగించి సాళ్లలో వరసగా విత్తనం వేసే యంత్రాన్ని, మన రైతులు గొర్రు అనే పనిముట్టుకు అక్కడి రూపాన్ని, 1701లో తయారుచేసినవాడు. క్లబ్బుల్లో మళ్లీ అవకాశం దొరకాలంటే పేరు మార్చక తప్పని రోజులవి. బుకింగ్ ఏజెన్సీలో చరిత్ర మీద మక్కువున్న ఒకాయన ఆ పేరు సూచించాడు. ఆ పేరుతో వాయించినప్పుడు మార్క్వీ వాళ్లు మళ్లీ రమ్మన్నారు. పేరు స్థిరపడింది. తొలి రికార్డు మీద ‘జెత్రో టో’ అని తప్పుగా అచ్చయినా, అసలు పేరు ప్రపంచమంతా నోట నిలిచింది.

స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్‌లో 1947 ఆగస్టు 10న పుట్టి, బ్లాక్‌పూల్‌లో పెరిగిన ఇయాన్ మొదట గిటారు పట్టినవాడే. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ స్థాయిని తాను అందుకోలేనని తోచి, 1967లో తన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఇచ్చేసి ఫ్లూటు తెచ్చుకున్నాడు. గురువు లేడు, పాఠం లేదు. అమెరికన్ జాజ్ కళాకారుడు రోలండ్ కర్క్ పద్ధతి చెవిన వేసుకుని, ఊదుతూనే అందులోకి పాడడం, గొణగడం, బుసకొట్టడం నేర్చాడు. అలా ఒంటికాలి మీద నిలబడి గుప్పున ఊదే ఆ మూర్తి రాక్ చరిత్రలో చెక్కుచెదరని బొమ్మగా నిలిచిపోయింది. నిజానికి ఒంటికాలి మీద నిలబడి మొదట వాయించింది హార్మోనికా. పత్రికలవాళ్లు ఫ్లూటు అని రాసేశారు. రాసినందుకైనా అలాగే వాయించాలని సాధన చేసి పట్టుబడేలా చేసుకున్నాడాయన. కాలు మడిచి మురళి ఊదే కృష్ణుడు మనకున్నాడన్న సంగతి ఆయనకు తరవాతెప్పుడో తెలిసిందట. మనకు మాత్రం ఆ భంగిమ చూడగానే చుట్టరికం కలిసింది.

1968లో ‘దిస్ వాజ్’ వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన ‘స్టాండ్ అప్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎగిసింది. అందులో బాఖ్ ల్యూట్ కోసం రాసిన బూరే అనే నృత్యరచనను ఫ్లూటు మీదికి తెచ్చి, మధ్యలో జాజ్ నడక కలిపిన తీరు ఇప్పటికీ కచేరీల్లో చప్పట్లు అందుకుంటోంది. అదే 1969లో విడుదలైన ‘లివింగ్ ఇన్ ది పాస్ట్’ ఐదు దెబ్బల లెక్కలో నడిచే పాట. ఖండచాపు అలవాటైన మన చెవికి అది పరాయిదిగా తోచదు. నాలుగు దెబ్బలకే అలవాటుపడిన పాప్ ప్రపంచంలో అలాంటి పాట బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లడం సామాన్యం కాదు.

1971లో ‘ఆక్వాలంగ్’. ఇయాన్ అప్పటి భార్య జెన్నీ లండన్ వీధుల్లో నిలువ నీడ లేనివాళ్లను ఫోటోలు తీసింది. ఆ ముఖాల్లోంచి పుట్టింది ఆ ఆల్బమ్ తొలిపాట. ఒక పాత చర్చిని మార్చి కట్టిన బేసింగ్ స్ట్రీట్ స్టూడియోలో రికార్డింగు. అదే భవనంలో మరో గదిలో లెడ్ జెప్లిన్ పని చేస్తోంది. మన బృందం గిటారిస్టు మార్టిన్ బార్ ‘ఆక్వాలంగ్’ పాటలోని సోలో వాయిస్తుండగా లెడ్ జెప్లిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ కంట్రోల్ రూములోకి వచ్చి అద్దం అవతల నుంచి చెయ్యి ఊపాడు. తిరిగి చెయ్యి ఊపితే టేక్ పోతుంది. మార్టిన్ వేళ్లు తీగ మీది నుంచి కదల్లేదు. ఆ రోజు నిలబడిన ఆ సోలో నేటికీ గిటారు నేర్చుకునే పిల్లలు సాధన చేసేంత గొప్పదైంది. 1968 చివర చేరి 2011 దాకా ఈ బృందం గిటారును ఒంటి చేత్తో మోసిన మార్టిన్‌కు ఈ శుభవేళ ప్రత్యేక వందనం.

‘ఆక్వాలంగ్’ అంతా ఒకే ఇతివృత్తం మీద కట్టిందని విమర్శకులు ముద్ర వేశారు. ఇయాన్ కాదన్నాడు. వాళ్లు వినకపోయేసరికి, అయితే అలాంటిది నిజంగానే చేసి చూపిస్తానని 1972లో ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ తెచ్చాడు. రికార్డు రెండు వైపులా కలిపి సుమారు 44 నిమిషాల ఒకే పాట! జెరాల్డ్ బాస్టాక్ అనే కల్పిత బాలకవి రాసినట్టు చెప్పుకున్న ఆ పాటకు అట్టగా పన్నెండు పేజీల పల్లెటూరి వార్తాపత్రికను అచ్చువేశారు. వార్తలు, ఆటల పేజీ, పదకేళి, అన్నీ అందులో ఉన్నాయి. రేడియోలో మొత్తంగా వెయ్యడానికి వీలుకాని ఆ పాటను అమెరికా నెత్తిన పెట్టుకుని మొదటి స్థానం ఇచ్చింది. మరుసటి ఏడాది ‘ఎ ప్యాషన్ ప్లే’కు కూడా అక్కడ అదే పీట. నా మటుకు ఈ బృందం శిఖరం ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’. అకూస్టిక్ గిటారు మీద మెల్లగా మొదలై, జాన్ ఇవాన్ ఆర్గన్, బారీమోర్ బార్లో డ్రమ్ముల మీదుగా ఉరకలెత్తి, మళ్లీ ఆ మొదటి గిటారు దగ్గరికే వచ్చి ఆగే ఆ ప్రయాణం ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

తరవాత బృందం ఊరిబాట పట్టింది. 1977లో ‘సాంగ్స్ ఫ్రమ్ ది వుడ్’, 1978లో ‘హెవీ హార్సెస్’, 1979లో ‘స్టార్మ్‌వాచ్’. ట్రాక్టర్లు వచ్చి పొలాల్లోంచి తప్పుకున్న దుక్కి గుర్రాలకు నీరాజనం పట్టిన రాక్ బృందం ఇంకొకటుందా? ఆ మధ్యలోనే, 1978 అక్టోబరులో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోని వాళ్ల కచేరీ ఉపగ్రహం ద్వారా అట్లాంటిక్ దాటి బ్రిటన్‌లో ప్రత్యక్షంగా కనిపించింది. ఆ మరుసటి ఏడాది బాస్ వాద్యకారుడు జాన్ గ్లాస్‌కాక్ ముప్పయి ఏళ్లు నిండకుండానే కన్నుమూశాడు. పండగ పూట ఆయనను తలుచుకోవడం మన ధర్మం.

1987 నాటి ‘క్రెస్ట్ ఆఫ్ ఎ నేవ్’ 1989లో గ్రామీ తెచ్చిపెట్టింది. హార్డ్ రాక్, మెటల్ విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ అది. మెటల్ బృందం మెటాలికాకే వస్తుందని అందరూ అనుకున్నారు. ఫ్లూటు పట్టిన బృందం గెలిచింది! అయితే నన్ను అంతకన్నా కదిలించిన విజయం ఇంకొకటుంది. బడిలో ఫ్లూటు నేర్చుకుంటున్న కూతురి వేళ్లు చూసి, ఇన్నేళ్లుగా తాను కొన్ని స్వరాలకు వేళ్లు పెట్టే తీరు తప్పని ఇయాన్‌కు తెలిసింది. ప్రపంచ ఖ్యాతి వచ్చాక, నలభై దాటిన వయసులో, మొదటి పాఠం నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. ఈ బృందం ఎందుకు వాడిపోలేదో ఆ ఒక్క పనిలో కనబడుతుంది. 1995 నాటి ‘రూట్స్ టు బ్రాంచెస్’లో తూర్పుదేశాల గాలి, మెరుగుపడ్డ ఆ వేళ్ల పలుకు రెండూ వినిపిస్తాయి.

భారతదేశం మీద వీళ్ల అభిమానం మాటలతో సరిపెట్టుకున్నది కాదు. 2008లో అనౌష్కా శంకర్‌తో కలిసి ఇక్కడ కచేరీలకు వచ్చినప్పుడే ముంబయి మీద ఉగ్రదాడి జరిగింది. అక్కడి కచేరీ రద్దయింది. వాళ్లు భయపడి విమానం ఎక్కెయ్యలేదు. డిసెంబరు 5న అదే నగరంలో బాధితుల సహాయార్థం వాయించారు. ఆ రుణం మనం మరువరానిది. సొంత దేశంలోనూ ఇయాన్ ఏటా క్రిస్మస్ వేళ పురాతన చర్చిల్లో, కెథడ్రల్స్‌లో కచేరీలు చేసి, ఆ కట్టడాల పోషణకు నిధులు సమకూరుస్తూ వచ్చారు. 2008లోనే బ్రిటన్ ఎంబీఈతో సత్కరించింది. 2011 ఏప్రిల్‌లో, గగారిన్ రోదసీయాత్ర స్వర్ణోత్సవ వేళ, అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగామి కేడీ కోల్‌మన్, రష్యాలో ఉన్న ఇయాన్ కలిసి ఆ బాఖ్ బూరేనే వాయించారు. మార్క్వీ మెట్ల మీద మొదలైన ఊపిరి నింగికెక్కింది.

మధ్యలో కొన్నేళ్లు పేరు పక్కన పెట్టినా, బృందం మళ్లీ చిగురించింది. 2022లో ‘ది జెలట్ జీన్’, 2023లో ‘రాక్‌ఫ్లోట్’, 2025లో ‘క్యూరియస్ రూమినెంట్’, నాలుగేళ్లలో మూడు ఆల్బములు! ఊపిరితిత్తుల వ్యాధి ఉందని తానే చెప్పిన మనిషి, ఊపిరే పెట్టుబడిగా ఉన్న వాద్యంతో ఇంత పంట తీశాడంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇయాన్ ఆండర్సన్ గారూ, మీకు ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలగాలి. మీ వెంట నడిచిన వాద్యకారులందరి ఇళ్లలో దీపం వెలగాలి. మీ షష్టిపూర్తికి ఒక కొత్త ఆల్బము, మా గడ్డ మీద ఒక కచేరీ మాకు బాకీ. వసూలు చేసుకోవడానికి మేం ముందు వరసలోనే కూర్చుంటాం.