బడిపంతులు గిడుగు

వ్యావహారిక భాషోద్యమ పితామహుడుగా గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని ఎరుగని ఆంధ్రుడు ఉండడు. కాని ఆయన ప్రధానంగా బడిపంతులనీ, ఆ ఉద్యమం పాఠశాలలోనుంచే పుట్టిందనీ తరచు మరచిపోతూ ఉంటాము.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన, వంశధారా తీరాన, శ్రీముఖలింగ క్షేత్ర సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే పితృవియోగం సంభవించింది. విజయనగరంలో చదువుకొనేటప్పుడు గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు.

ఆ చుట్టుపట్ల కొండలలో సవరలు నివసిస్తారు. వారి పిల్లలకు తెలియని భాషలో చదువు చెప్పడం నిష్ప్రయోజనమని గ్రహించి, పంతులుగారు తానే వారి భాష నేర్చుకొన్నారు. లిపిలేని ఆ భాషలో వాచకాలు రచించి, సొంత ధనం వెచ్చించి బడులు పెట్టించారు. మన్యంలో తిరుగుతూ మలేరియా పాలై, క్వినైను వాడుకవల్ల వినికిడి శక్తిని పోగొట్టుకొన్నారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టించండని కోరిన త్యాగశీలి ఆయన. 1913లో ప్రభుత్వం ఆయనను రావుబహదూరు బిరుదంతో సత్కరించింది.

సవర బాలునికి వర్తించిన న్యాయం తెలుగు బాలునికి ఎందుకు వర్తించరాదు? ఉపాధ్యాయుడు వాడుకమాటలలో పాఠం వివరించేవాడు. విద్యార్థి వాడుకమాటలలోనే గ్రహించేవాడు. పరీక్షలో మాత్రం ఇద్దరూ ఎన్నడూ పలుకని రూపాలలో సమాధానం వ్రాయాలి. విషయం తెలిసిన బాలుడు సైతం అరసున్నలవద్ద, శకటరేఫలవద్ద తడబడేవాడు. పరీక్ష దేనిని అడిగితే బడి దానినే చెబుతుంది. కనుక మార్పు పరీక్షలోనే ప్రారంభం కావాలని సంస్కర్తలు తలచారు.

పాఠశాలల పరీక్షాధికారిగా ఉత్తరాంధ్రకు వచ్చిన జె. ఎ. యేట్సుదొర, విశాఖపట్నం కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఈ విషయంలో ఏకాభిప్రాయులైనారు. వారి కృషి ఫలితంగా ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో వ్యాసరచనకు వ్యావహారికం కూడా అంగీకృతమైంది. వెంటనే పెద్ద వాదం చెలరేగింది. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వాన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ప్రతిఘటించింది. ప్రాంతానికొక తీరుగా ఉండే వాడుకభాషకు ప్రమాణమేది? పూర్వకవుల కావ్యాలతో పిల్లలకు సంబంధం తెగిపోదా? ఈ ప్రశ్నలు నిస్సారమైనవి కావు. పంతులుగారు కావ్యపఠనాన్ని ఎన్నడూ నిరాకరించలేదు. ప్రాచీన భాషను చదివి గ్రహించడం వేరు, దానిలోనే వ్రాయుమని నిర్బంధించడం వేరని ఆయన వాదం. 1913లో ఆధునికాంధ్ర భాషను గూర్చి ఆంగ్లంలో విజ్ఞాపనగ్రంథం ప్రకటించారు. అయినా చివరకు ప్రభుత్వం ఆ అనుమతిని ఉపసంహరించుకొన్నది. 1915లో గురజాడ మరణించారు.

రామమూర్తిగారు ఒంటరియైనా వెనుదీయలేదు. 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనలలోనే గ్రాంథిక వ్యాకరణ దోషాలు ఎత్తిచూపారు. మహాపండితులకే పట్టుబడని భాషను పసివారినుంచి కోరడం న్యాయమా అన్నదే ఆ తప్పుల పట్టికల పరమార్థం. 1925లో తణుకు సభలో గ్రంథాలు ముందుంచుకొని నాలుగు గంటలు ప్రసంగించారు. వినికిడి లేని మనిషి సభనంతటినీ వినేటట్లు చేశారు!

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు, తెలుగువారికి అన్యాయం జరిగిందని నిరసించి, ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. 1938లో ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1940 జనవరి 22వ తేదీన పరమపదించేనాటికి పాఠశాలలలో ఇంకా గ్రాంథికానిదే పైచేయి. తరువాతి దశాబ్దాలలో పాఠ్యపుస్తకాలు, పరీక్షాపత్రాలు శిష్టవ్యావహారికంలోకి మారాయి. నేడు ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

ఆ ఉత్సవంలో భాషతోపాటు ఆ ఉపాధ్యాయుణ్ణి కూడ స్మరించడం ఉచితం. ఎరిగినదానినుంచి ఎరుగనిదానికి పిల్లవానిని నడిపించడమే బోధన అని నమ్మి, అందుకు మొదట తానే కొండపిల్లల భాషకు విద్యార్థి అయినారు.