గణనయంత్ర నిర్మాత కోన్రాడ్ జూసె

గాజునారలను, కర్బనపు నారలను జిగురులో పొరలు పొరలుగా పేర్చి చేసిన మిశ్రమపదార్థములతో నేడు విమానపు రెక్కలను నిర్మించుచున్నారు. ఒక్కొక్క పొరకు ఒక్కొక్క దిక్కున బలము హెచ్చు. ఆ పొరలన్నిటి లెక్కను చేతితో వేయుట దుస్సాధ్యము. ఇంజనీరింగు విద్యార్థులు కంప్యూటరు సహాయముతో దానిని సాధించుచున్నారు. విమానపు లెక్కల విసుగునుండియే పూర్వమొక గణనయంత్రము పుట్టినది. దానిని నిర్మించినవాడు కోన్రాడ్ జూసె.

ఇతడు 1910 జూన్ 22వ తేదీన జర్మనీలోని బెర్లిను నగరమున జన్మించెను. తండ్రి తపాలాశాఖలో ఉద్యోగి. జూసె బెర్లిను సాంకేతిక విద్యాలయమున సివిల్ ఇంజనీరింగు చదివి, 1935లో పట్టము పొంది, హెన్షెల్ విమాన కర్మాగారమున విమానభాగముల దార్ఢ్యమును లెక్కకట్టు ఉద్యోగమున చేరెను.

పెక్కు కమ్ములు ఒకదానితో నొకటి ముడిపడియున్న కట్టడములో ఏ కమ్మి ఎంత భారము మోయునో తెలియుటకు అనేక సమీకరణములను ఒక్కసారిగా సాధింపవలెను. కనుగొనవలసిన రాసులు రెట్టింపైనచో శ్రమ సుమారు ఎనిమిది రెట్లగును. మరల మరల అవే కూడికలు, అవే గుణకారములు! ఇట్టి పనిని యంత్రమేల చేయరాదని జూసె తలపోసెను.

1936లో ఉద్యోగము వదలి, తల్లిదండ్రుల యింటిలోనే యంత్రనిర్మాణమునకు పూనుకొనెను. ఇంటివారును మిత్రులును ధనసహాయము చేసిరి. రేకులు కోసి కూర్చిన మొదటి యంత్రము 1938లో పూర్తియయ్యెను గాని, తఱచు చిక్కుకొని ఆగిపోవుచుండెను. అయినను అతడు వెనుదీయలేదు. టెలిఫోను కార్యాలయములలో వాడు రిలేలను రెండువేలకు పైగా కూర్చి, జడ్-3 అను యంత్రమును నిర్మించి, 1941 మే 12న పెద్దలకు చూపెను. అది సున్న, ఒకటి అను రెండంకెలతోనే సమస్త గణితమును చేసెడిది. సినిమా ఫిల్మునకు తొలిచిన రంధ్రములే దానికి ఆజ్ఞలు. ఆజ్ఞల ననుసరించి తనంత తాను పనిచేసిన మొదటి కంప్యూటరుగా దీనిని పలువురు పరిగణింతురు.

యుద్ధకాలమున అతని వేఱొక యంత్రము బాంబుల రెక్కల కొలతలు సరిదిద్దుటకు వినియోగపడెను. జనుల శ్రమ తగ్గించుటకై పుట్టిన విద్య జననాశమునకు తోడ్పడుట శోచనీయము. ఆ యుద్ధమే జడ్-3ను గూడ కబళించెను. 1943లో బాంబుదాడివలన అది నశించెను. 1945లో జూసె తన నాల్గవ యంత్రమును మాత్రము బెర్లినునుండి ఆల్ప్సు పర్వతప్రాంతమునకు తరలించి కాపాడుకొనెను. అది 1950లో స్విట్జర్లాండులోని జూరిక్ సాంకేతిక విద్యాలయమునకు అద్దెకు చేరి, అచ్చటి గణితజ్ఞులకు సుమా రైదేండ్లు సేవచేసెను. జూసె 1995 డిసెంబరు 18న పరమపదించెను.

విద్యార్థులారా! లెక్కలు వేసి వేసి అలసినవాడు గనుకనే, ఆ పనిలో బుద్ధి కవసరమైన దేదో, యంత్రమునకు వదలదగిన దేదో జూసె యెఱుగగలిగెను. రేపు మీ యెదుట కంప్యూటరు ఒక సమాధానము చూపును. అది సరియో కాదో చెప్పుటకు మీకును ఆ లెక్క తెలిసియుండవలెను. తప్పు సమాధానమును నమ్మి కట్టిన వంతెన కూలినచో, ఆ బాధ్యత యంత్రముది కాదు, మనది.