ఓలే ఎవిన్‌రూడ్

ఆవిరియంత్రము పుట్టిన పిదప సముద్రములపై తిరుగు పెద్ద యోడలకు గాలిపై ఆధారపడు బాధ తప్పెను. కాని ఇద్దరు ముగ్గురు మాత్రమే ఎక్కదగిన చిన్న పడవ వానికి ఆ భాగ్యము చాలకాలము కలుగలేదు. ఎండయైనను ఎదురుగాలియైనను అతడు తన భుజబలమునే నమ్ముకొనవలసి యుండెను. ఆ కష్టమును తీర్చిన వారిలో అగ్రగణ్యుడు ఓలే ఎవిన్‌రూడ్.

ఓలే 1877 ఏప్రిల్ 19 వ తేదీన నార్వే దేశమున జన్మించెను. 1882 లో అతని కుటుంబము అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్ రాష్ట్రమున కేంబ్రిడ్జి అను గ్రామము చెంత సేద్యము చేసికొనుచు స్థిరపడెను. సమీపముననే రిప్లీ సరస్సు కలదు. కుమారుడు మంచి సేద్యగాడు కావలెనని తండ్రి కోరిక. కుమారుని మనస్సో నీటిమీదను యంత్రములమీదను లగ్నమై యుండెను. అతడు చాటుగా నిర్మించుచున్న పడవను తండ్రి చూచి ధ్వంసము చేసెననియు, బాలుడు నిరుత్సాహపడక మరియొక పడవను నిర్మించి సరస్సులో నడపెననియు చెప్పుదురు.

బడి చదువు అతనికి స్వల్పముగనే లభించెను. పదునారవ యేట ఇల్లు విడిచి మాడిసన్ నగరమున యంత్రశాలలో పనికి కుదిరెను. పగలు పనిచేసి, రాత్రులు యంత్రశాస్త్ర గ్రంథములను తనంతట తానే పఠించెను. పిదప పిట్స్‌బర్గు, చికాగో నగరములలో పనిచేసి, మిల్వాకీ నగరమున లోహపు పోతలకు కొయ్య అచ్చులు చేయుటయందు నేర్పరియని పేరొందెను.

అచ్చటనే అతనికి బెస్ కేరీ అను యువతితో పరిచయము కలిగెను. 1906 లో ఒక వేసవి దినమున వారు మిత్రులతో కలసి ఒకౌచీ సరస్సునకు విహారమునకు పోయిరి. బెస్ ఐస్‌క్రీము కోరగా ఓలే తెడ్లు వేసికొనుచు ఆవలి యొడ్డునకు పోయెననియు, తిరిగి వచ్చుసరికి అది కరగి నీరయ్యెననియు ప్రసిద్ధమైన కథ. చిన్న పడవకు యంత్రమేల ఉండరాదను ఆలోచన ఆనాడే అతనికి తట్టినదట. ఆ సంవత్సరమే వారికి వివాహమయ్యెను.

అట్టి యంత్రమును తలపెట్టినవారిలో ఓలే మొదటివాడు కాడు. కామెరాన్ వాటర్‌మన్ అను నాతడు అంతకు ముందే యొకటి చేసి యుండెను. అయినను సామాన్యునకు అక్కరకు వచ్చునట్లు దానిని తీర్చిన కీర్తి ఓలేకే దక్కెను. 1909 లో అతడు నిర్మించిన మోటారు బరువు 62 పౌనులు. శక్తి ఒకటిన్నర అశ్వబలము. పరీక్షకై దానిని తీసికొనిపోయిన మిత్రుడు పది మోటార్లకు గిరాకీ తెచ్చెనని చెప్పుదురు. 1911 లో దానికి పేటెంటు లభించెను.

ఈ మోటారులోని కీలకము నీటిలో మునిగియుండు గేరుపెట్టె. పైనున్న యంత్రము నిలువుగానున్న ఇరుసును త్రిప్పును. దాని కొననున్న వాలుపళ్ళ చక్రము మరియొక చక్రమును త్రిప్పగా, అడ్డముగానున్న ఇరుసుతో మరచక్రము తిరుగును. పెట్టె లావైనచో నీరు అడ్డగించి వేగము తగ్గును. సన్ననైనచో లోని పళ్ళు బలహీనమగును. నీరు లోనికి జొచ్చి గ్రీజు చెడినచో చక్రములు త్వరలో అరగిపోవును. పందెములందు పరీక్ష మరింత కఠినము. పడవ అలలపై ఎగిరినపుడు మరచక్రము నీటిని విడిచి విపరీత వేగమున తిరుగును. మరల నీటబడగనే ఆ దెబ్బయంతయు చిన్న పళ్ళమీదనే పడును. యంత్రమెంత శక్తిగలదైనను గేరుపెట్టె ఓర్చుకొన్నంత దూరమే పడవ సాగును.

ఓలే యంత్రశాలను చూచుకొనగా, బెస్ లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరములు, ప్రకటనలు నిర్వహించెను. వ్యాపారము వర్ధిల్లెను గాని అధిక శ్రమచే ఆమె ఆరోగ్యము చెడెను. అప్పుడు ఓలే ఎదుట రెండు దారులు నిలిచెను: ఒకవంక తన పేర వెలసిన కర్మాగారము, రెండవవంక భార్య ప్రాణము. 1914 ప్రాంతమున అతడు తన వాటాను భాగస్వామికి విక్రయించి, ఐదేండ్లు అట్టి మోటార్లు చేయనని ఒడంబడిక వ్రాసియిచ్చి, భార్యతో దేశసంచారమునకు బయలుదేరెను.

చేతులు కట్టుబడినను బుద్ధి ఊరకుండలేదు. ఇనుము, ఇత్తడులకు మారుగా అల్యూమినియమును విరివిగా వాడి రెండు సిలిండర్ల తేలిక మోటారును రూపొందించెను. అది పాతదానికన్న దాదాపు 15 పౌనులు తేలిక. శక్తి ఇంచుమించు రెట్టింపు. గడువు తీరిన పిదప దానిని పూర్వపు భాగస్వామికే చూపగా, అతడు నిరాకరించెను. ఓలే మారుమాటాడక, కోలుకొన్న భార్య తోడ్పాటుతో 1921 లో ఎల్టో అను క్రొత్త సంస్థను స్థాపించెను. తన పేర వెలసిన మోటారుకు తానే పోటీదారు కావలసి వచ్చెను! 1928 లో ఎల్టో సంస్థ నాలుగు సిలిండర్ల మోటారును వెలువరించెను. పందెగాండ్రు దానినెంతయో ఆదరించిరి.

1929 లో రెండు సంస్థలును మరియొకదానితో ఏకమై, ఓలే నాయకత్వము క్రిందికి వచ్చెను. ఆ సంవత్సరమే ఆర్థిక మాంద్యము దాపురించెను. 1933 లో బెస్ కన్నుమూసెను. మరుసటి సంవత్సరము జులై 12 వ తేదీన ఓలేయు మరణించెను. కుమారుడు రాల్ఫ్ ఆ పరిశ్రమను కొనసాగించెను. ఎవిన్‌రూడ్ పేర మోటార్ల తయారీ 2020 లో నిలిచిపోయినను, పాత మోటార్లను ప్రేమతో బాగుచేసి నడుపువారు నేటికిని కలరు.

కంటికి గోచరించునది పైన గర్జించు యంత్రము. భారము మోయునది నీటి అడుగున మౌనముగా తిరుగు పళ్ళచక్రము. కష్టము వచ్చినపుడు తొలగి నిలిచి, సమయము వచ్చినపుడు మరల పని నందుకొనిన ఓలే జీవితమును అట్టి దృఢత్వముతోనే నడచెను.