సి భాషా నిర్మాత డెన్నిస్ రిచీ

కంప్యూటర్ శాస్త్రం అభ్యసించే విద్యార్థులకు తొలినాళ్లలోనే పరిచయమయ్యే భాష 'సి'. దాని నిర్మాత డెన్నిస్ రిచీ 1941 సెప్టెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, బ్రాంక్స్‌విల్ పట్టణంలో జన్మించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకొని, 1967లో తన తండ్రి శాస్త్రవేత్తగా ఉన్న బెల్ ప్రయోగశాలల్లోనే ఉద్యోగంలో చేరారు.

అక్కడ 1969లో సహచరుడు కెన్ థాంప్సన్ యూనిక్స్ వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. ఆయన రూపొందించిన 'బి' భాషలో రకభేదం లేదు. పూర్ణాంకమూ, మెమరీలోని ఒక స్థానాన్ని సూచించే చిరునామా అయిన పాయింటరూ ఒకే తీరున ఉండేవి. ఇంటి తలుపు మీది 25, బుట్టలోని 25 మామిడిపండ్లు అంకెలో ఒకటే కావచ్చు. అర్థంలో ఒకటి కావు. అక్షరానికొక చిరునామా గల పీడీపీ-11 యంత్రానికి ఆ భాష చాలలేదు. రిచీ దానికి రకాలను చేర్చి, 1972 నాటికి సి భాషను తీర్చిదిద్దారు. వాక్యంలో పదానికి విభక్తి ఎట్టిదో, సి భాషలో విలువకు రకం అట్టిది. 1973లో యూనిక్స్ కేంద్రభాగాన్ని ఈ భాషలోనే తిరిగి రచించారు.

అయితే తాను గీసిన గీతను రిచీ తొలుత కఠినంగా పాటింపజేయలేదు. ఆ యంత్రంలో పూర్ణాంకానికీ పాయింటరుకూ 16 బిట్లే కావడంతో, రెండింటినీ కలగలిపినా కార్యక్రమం నడిచేది. యూనిక్స్‌ను ఇతర యంత్రాలకు తరలించే వేళ ఆ అలవాటే చిక్కులు తెచ్చింది. అప్పుడు సహచరుడు స్టీఫెన్ జాన్సన్ ఇటువంటి పొరపాట్లను పట్టి చూపే 'లింట్' అనే సాధనాన్ని నిర్మించారు. తమ అలవాటులోని లోపాన్ని రిచీ దాచుకోలేదు. 1993లో సి భాషా చరిత్రను రాసినప్పుడు దానిని నిస్సంకోచంగా అంగీకరించారు.

నేటి 64 బిట్ల యంత్రాల్లో పాయింటరును 32 బిట్ల పూర్ణాంకంలో ఉంచితే పై సగం తెగిపోయి, చిరునామా దారి తప్పుతుంది. కంపైలర్ హెచ్చరించేది ఇందుకే. అప్పుడు రకాన్ని బలవంతంగా మార్చి హెచ్చరిక నోరు నొక్కడం పరిష్కారం కాదు. మనకు కావలసింది విలువా, చిరునామా అని ముందు నిశ్చయించుకోవాలి. చరరాశి ప్రకటన సరిగా ఉన్నదా, చిరునామా గుర్తు మరిచామా, అవసరమైన హెడర్ ఫైలును చేర్చామా అని పరిశీలించాలి. చిరునామాను పూర్ణాంకంగా దాచక తప్పనిచోట, అందుకు సరిపడే వెడల్పు గల రకాన్ని 1999 నాటి సి ప్రమాణం పేర్కొన్నది. 2024లో వెలువడిన జీసీసీ 14 కంపైలర్ ఈ పొరపాటును సాధారణంగా హెచ్చరికతో విడువక దోషంగానే పరిగణిస్తుంది.

బ్రయాన్ కెర్నిహాన్‌తో కలిసి రిచీ రాసిన సి భాషా గ్రంథం 1978లో వెలువడింది. 1983లో ఆయన థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. 2011 అక్టోబరులో న్యూజెర్సీలోని స్వగృహంలో కన్నుమూశారు. గొప్ప నిర్మాణంలోనూ లోపం ఉండవచ్చు. దానిని ఒప్పుకొని సరిదిద్దుకోవడమే శాస్త్రజ్ఞుని లక్షణమని ఆయన జీవితం చాటుతున్నది.